మంచు వెళ్లిపోయిన చోట మట్టి పుడుతోంది: సీసీఎంబీ సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) సంచాలకులకు,
హబ్సిగూడ, హైదరాబాద్.



నేను లాడ్ బజార్‌లో ఉంటాను. పాతబస్తీలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మీ సంస్థ చేసిన ఒక గొప్ప పని ఈ ఊరికి తెలియకుండానే ఉండిపోయింది. ఆ పని ఇంకా చాలా దూరం వెళ్లాల్సి ఉంది. ఈ రెండు సంగతులూ మీతోపాటు ఊరంతా వినాలనే ఈ ఉత్తరాన్ని బహిరంగంగా రాస్తున్నాను.

2008లో మీ సంస్థలోని ఎస్. శివాజీ గారి బృందం కుమావూ కొండల్లోని పిండారీ హిమానీనదం నుంచి తెచ్చిన నమూనాల్లో లోకానికి కొత్తవైన బ్యాక్టీరియాలను గుర్తించింది. ఒకదానికి బాసిల్లస్ సెసెంబెన్సిస్ అని మీ సంస్థ పేరే పెట్టారు. ఇంకొకదానికి అప్పట్లో పెట్టిన పేరు లీఫ్సోనియా పిండారియెన్సిస్. అంతకు ముందే హిమాచల్ ప్రదేశ్‌లోని హమ్తా హిమానీనదం నుంచి 2005లో డయాడోబ్యాక్టర్ హమ్టెన్సిస్, 2006లో ఎక్సిగువోబ్యాక్టీరియం ఇండికం వెలుగులోకి వచ్చాయి. 2010లో ఉత్తరాఖండ్‌లోని రూప్‌కుండ్ మట్టి నుంచి క్రయోబ్యాక్టీరియం రూప్‌కుండెన్స్ వచ్చింది. 2011లో పిండారీ చుట్టుపక్కల మట్టిలో ఏయే బ్యాక్టీరియాలు కాపురం ఉంటున్నాయో ఒక జాబితా అచ్చయింది. పళ్లెంలో పెంచితే పెరిగినవే కాక, పెరగకపోయినా డీఎన్ఏ ఆనవాళ్లతో దొరికినవి కూడా అందులో ఉన్నాయి.

రూప్‌కుండ్ అనగానే మన పత్రికలకు గుర్తొచ్చేది అక్కడి సరస్సులోని అస్థిపంజరాలు. 2019లో ఆ ఎముకల డీఎన్ఏ చదివి, వాటిలో కొన్ని మధ్యధరా ప్రాంతపు మనుషులవని తేల్చిన పరిశోధనలోనూ మీ సంస్థ చెయ్యి ఉంది. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. అదే చోటి మట్టి గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఎముకలు ఎప్పుడో జరిగిపోయిన కథ చెబుతాయి. మట్టి చెప్పే కథ ఇప్పుడు జరుగుతోంది. నా దృష్టిలో రెండోదే పెద్ద వార్త.

పాఠకుల కోసం కాస్త వివరంగా చెబుతాను, మీకు తెలిసిన విషయాలే అయినా ఓపిక పట్టండి.

పిండారీ ఉత్తరాఖండ్‌లోని బాగేశ్వర్ జిల్లాలో, నందాదేవి శిఖరాల పక్కన ఉంది. అక్కడ పుట్టిన పిండర్ నది కర్ణప్రయాగ దగ్గర అలకనందలో కలుస్తుంది. 1845 నుంచి 1966 వరకు ఆ హిమానీనదం మూతి దాదాపు 2,840 మీటర్లు వెనక్కి జరిగిందని కొలతలు చెబుతున్నాయి. సగటున ఏడాదికి 23 మీటర్లు. చార్మినార్ దగ్గర బయల్దేరి నయాపూల్ మీద మూసీ దాటి మొజంజాహి మార్కెట్ దాకా నడిస్తే ఇంచుమించు అంత దూరం. ఆ తరువాతి దశాబ్దాల్లో హిమాలయమంతటా కరుగుదల ఇంకా ముదిరింది. 2011 నుంచి 2020 వరకు హిందూకుష్ హిమాలయాల్లోని హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దం కన్నా 65 శాతం ఎక్కువ వేగంతో మంచు కోల్పోయాయని ఖాట్మండులోని ఇసిమోడ్ సంస్థ 2023లో లెక్క తేల్చింది.

మంచు తగ్గితే నదులేమవుతాయన్న చర్చ జరుగుతూనే ఉంది, జరగాలి కూడా. మంచు లేచిపోయిన చోట బయటపడిన నేల సంగతి మాత్రం చర్చకు రావడం లేదు. 2023లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అంచనా ప్రకారం, అంటార్కిటికా, గ్రీన్‌లాండ్ మహా మంచు పలకలను పక్కన పెట్టినా, ఈ శతాబ్దాంతానికి హిమానీనదాల కింద నుంచి తక్కువలో తక్కువ 1,49,000 చదరపు కిలోమీటర్ల నేల బయటపడవచ్చు. ఎక్కువలో ఎక్కువ 3,39,000. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. తక్కువ అంచనా నిజమైనా మన రాష్ట్రం కన్నా పెద్ద నేల కొత్తగా ఆకాశాన్ని చూస్తుంది. ఎక్కువ అంచనా నిజమైతే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దానికి సరిపోవు.

ఆ నేల మీద మట్టి ఉండదు. ఉండేది రాయి, రాతి ముక్కలు, రాతిపిండి. హిమానీనదం తన బరువుతో కొండను అరగదీసి, ఆ పొడిని ముందుకు తోసుకొచ్చి, కరిగిపోతూ అక్కడే వదిలేస్తుంది. బూడిద రంగు పొడి, దాంట్లో గీతలు పడిన బండలు. మన దగ్గర తొలకరి పడగానే వచ్చే మట్టి వాసన స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియాలు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది. ఆ జీవులు కుదురుకోని రాతిపిండిని ఎంత తడిపినా తొలకరి వాసన ఎక్కడిది? నత్రజని దాదాపు శూన్యం. భాస్వరం ఉంటుంది కానీ రాతి ఖనిజాల్లో బందీగా ఉంటుంది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు ఒళ్లు మాడ్చే అతినీల లోహిత కిరణాలు. గింజ వచ్చి పడినా తినడానికేమీ లేదు.

అలాంటి చోటికి మొట్టమొదట చేరేవి సూక్ష్మజీవులు. కొన్ని మంచు కిందే చీకట్లో బతికి ఉంటాయి, కొన్ని గాలికి కొట్టుకొస్తాయి. గాలి మోసుకొచ్చిన దుమ్ము, పుప్పొడి, చచ్చిన పురుగులు, మసి, మంచు కింద వందల ఏళ్లుగా చిక్కుకున్న పాత కర్బనం, ఏది దొరికితే అది తింటాయి. వాటి వెంటే నీలి ఆకుపచ్చ నాచు వస్తుంది. వరి రైతులకు ఇది పాత చుట్టమే, మడిలో నత్రజని కోసం చల్లుకునే నాచు కుటుంబమే ఇది. ఎండ నుంచి శక్తిని, గాలి నుంచి కర్బనాన్ని, నత్రజనిని పట్టుకొని రాతిపిండి మీద తిండి వండుతుంది. పెరూ దేశంలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న పూకా హిమానీనదం ముందు స్టీవ్ ష్మిత్, డయానా నెమెర్గట్ బృందం చూసిందేమిటంటే, మంచు వెళ్లిన నాలుగైదేళ్లలోనే, ఒక్క మొక్క కూడా మొలవకముందే, ఈ నాచు స్థిరపడి నత్రజని కట్టడం మొదలుపెట్టింది. వాటి ఒంటి నుంచి ఊరే జిగురు రాతి రేణువులను ఒకదానికొకటి అతికిస్తుంది. జిగురు పట్టిన పొడి గాలికి లేవదు, నీటిని కొంతసేపైనా పట్టి ఉంచుతుంది. అది మట్టికి తొలి రూపం.

రాతిలో బందీగా ఉన్న భాస్వరాన్ని విడిపించేదీ ఈ జీవులే. స్విట్జర్లాండ్‌లో దమ్మా అనే హిమానీనదం ఉంది. దాని ముందున్న నేల అంతా గ్రానైట్. అక్కడి నుంచి వేరుచేసిన బ్యాక్టీరియాలను 2010లో పరీక్షిస్తే, ఆక్సాలిక్ ఆమ్లం లాంటి ఆమ్లాలను చిమ్ముతూ అవి గ్రానైట్ పొడిని కరిగిస్తున్నాయని తేలింది. బాగా కరిగించిన వాటిలో ఒకటి లీఫ్సోనియా జాతిది. రెండేళ్ల ముందు మీ వాళ్లు పిండారీ పేరు పెట్టింది అప్పట్లో ఆ జాతిలోనే చేర్చిన బ్యాక్టీరియాకు. ఒకే జాతి పేరు పెట్టినంత మాత్రాన పిండారీలోనూ అదే పని చేస్తోందని తీర్మానించకూడదు, పరీక్ష చేయాల్సిందే. అయితే ఆ పరీక్ష చేయడానికి ప్రపంచంలో మీకన్నా తగినవాళ్లు ఎవరున్నారు? ఆ జీవిని పట్టుకొచ్చి పెంచి పేరు పెట్టినవాళ్లు మీరే.

చలిలో అవి ఎలా బతుకుతాయన్నదీ ఈ ఊళ్లోనే చదివారు. 1992లో అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి మీ సంస్థ స్ఫింగోబ్యాక్టీరియం అంటార్కటికస్‌ను గుర్తించింది. చలికి కణం పొర బిగుసుకుపోతే జీవి చస్తుంది. పొరను సరైన పదునులో ఉంచడంలో దాని పసుపుపచ్చ కెరోటినాయిడ్ రంగులకు ఏం పాత్ర ఉందో తరువాతి ఏళ్లలో మీ పరిశోధకులు పరిశీలించారు. క్యారెట్‌కు రంగునిచ్చే కుటుంబమే ఈ కెరోటినాయిడ్లు అని చెబితే మా పిల్లలు నమ్మలేక నవ్వుతారు. నవ్విన తరువాత మరచిపోరు.

ఇక మా వీధికి వస్తాను.

లాడ్ బజార్ చార్మినార్ నుంచి పడమరగా మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాకా సాగుతుంది. కింద దుకాణాలు, అద్దాల బీరువాలు, గాజుల వరసలు. తల పైకెత్తితే డంగు సున్నంతో కట్టిన పాత గోడలు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. వానాకాలంలో మా వెనక గోడను నేను పిల్లలకు చూపిస్తాను. నీళ్లు కారే చోట గోడ నల్లబడి ఉంటుంది. అందరూ మసి అనుకుంటారు. వేలితో రాస్తే మసిలా అంటదు, తడి ఉంటే జారుతుంది. పాకుడు. అందులో ఉన్నది ఎక్కువగా నీలి ఆకుపచ్చ నాచే. ఎండాకాలమంతా పొట్టులా ఎండి చచ్చినట్టు పడి ఉంటుంది, ఒక్క వాన పడితే గంటల్లో లేస్తుంది. పాకుడు పట్టిన పగులులో దుమ్ము నిలుస్తుంది. దుమ్ము నిలిచిన చోట పచ్చని మెత్తటి నాచు, దాని మీద ఒక చిన్న ఫెర్ను, చివరికి ఏ పిట్టో రెట్టలో వేసిన గింజ నుంచి రావి మొలక. ఆ మొలకను వేరుతో లాగితే గుప్పెడు నల్లటి మట్టి ఊడివస్తుంది. ఆ పగులులోకి ఎవరూ మట్టి తెచ్చి పోయలేదు. అక్కడే తయారైంది.

చారిత్రక కట్టడాలకు రావి వేరు శత్రువే, పీకేయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పీకిన ఆ గుప్పెడు మట్టిని పారేసే ముందు పిల్లల చేతిలో పెట్టాలి. పిండారీ ముందు రాతిపిండి మీద జరుగుతున్న పని, వరస కాస్త మారినా, మా గోడ మీద కూడా జరుగుతోంది. అక్కడ చలి వల్ల నెమ్మది. ఇక్కడ వేడి, వాన, దుమ్ము పుష్కలం కాబట్టి కొన్నేళ్లలో కళ్లముందే కనిపిస్తుంది.

ఇంకొకటి. చార్మినార్ చుట్టుపక్కల మసాలా దుకాణాల్లో పత్థర్ కా ఫూల్ అమ్ముతారు. బిర్యానీలోకి, నిహారీ పోట్లీలోకి వేస్తారు. చూడ్డానికి ఎండి ముడుచుకున్న బూడిద రంగు కాగితం ముక్కల్లా ఉంటుంది. అది లైకెన్. ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి చేసే కాపురం. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరుగుతుంది. కుమావూ అడవుల నుంచి కూడా బజారుకు వస్తుంది. మంచు వదిలిన రాళ్ల మీద తొలినాళ్లలో కుదురుకునే వాటిలో లైకెన్ల బంధువర్గం ఒకటి. మా ఊరి బిర్యానీకి ఆ మట్టి వాసన ఇచ్చేది, రాయిని మట్టి చేసే వర్గానికి చెందిన జీవి. పాఠ్యపుస్తకంలో లైకెన్ బొమ్మ చూపినప్పుడు ఆవలించే పిల్లవాడు, ఇంటి వంటగదిలోంచి ఆ ముక్క తెచ్చి భూతద్దం కింద పెడితే కన్ను తీయడు.

చిన్న జీవి పెద్ద పని చేస్తుందని లాడ్ బజార్‌కు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఈ వీధి నిలిచి ఉన్నదే లక్క మీద. లక్క పురుగు మిల్లీమీటర్ల జీవి. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద అది ఊరించే జిగురు జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ఇక్కడికి వస్తుంది. కుంపటి సెగన మెత్తబడి, బిళ్ల మీద దొర్లి, గాజై, అద్దపు ముక్కలు పొదిగించుకుంటుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కంటికి ఆనని పురుగు మీద వేల కుటుంబాల పొయ్యి వెలుగుతున్న వీధి ఇది. బ్యాక్టీరియా కొండను మట్టి చేస్తుందంటే మా కారీగర్లు ఆశ్చర్యపోరు, సరే అయితే అది ఎలా చేస్తుందో చెప్పమంటారు.

మన నేల సంగతి కూడా ఇందులో ఉంది. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. తెలంగాణ ఎర్ర చెల్క నేలలు చాలావరకు ఈ గ్రానైట్ అరిగి పుట్టినవే. రెండు మూడు సెంటీమీటర్ల మట్టి తయారవడానికి వెయ్యేళ్ల దాకా పట్టవచ్చని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంటుంది. మన చెల్కల తొలి చరిత్రను చూసినవాళ్లు లేరు, ఇక చూడలేం కూడా. రాయి ఏ మెట్టు మీద మట్టి అవుతుందో, ఏ జీవి తరువాత ఏ జీవి వస్తుందో మొదటి రోజు నుంచి చూడగలిగిన చోట్లు భూమ్మీద కొన్నే ఉన్నాయి. మంచు ఇప్పుడే లేచిన నేల వాటిలో అన్నిటికన్నా స్పష్టమైనది. మూతి దగ్గర నిలబడితే నిన్నటి నేల. వంద మీటర్లు దిగితే కొన్నేళ్ల నేల. ఇంకా దిగితే మన తాతల కాలం నాటిది. ఆ దారి వెంట నడవడమంటే మట్టి వయసు వెంట నడవడమే.

ఇక్కడే నా మొదటి విన్నపం.

అమెరికాలోని అలాస్కాలో గ్లేసియర్ బే అనే చోట విలియం స్కిన్నర్ కూపర్ అనే వృక్ష శాస్త్రవేత్త 1916లో కొన్ని చిన్న చదరాలు గుర్తుపెట్టి, వాటిలో ఏ మొక్క ఎక్కడుందో గీసుకున్నాడు. తరువాత వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లి కొలిచారు. నూరేళ్లు దాటినా ఆ చదరాలు ఇంకా పాఠం చెబుతూనే ఉన్నాయి. అక్కడే 1955లో క్రాకర్, మేజర్ అనే ఇద్దరు, ఆల్డర్ పొదలు పెరిగిన చోట నేల క్షార గుణం వదిలి కొన్ని దశాబ్దాల్లోనే ఆమ్ల గుణానికి ఎలా మారిందో, నత్రజని ఎలా పేరుకుందో చూపించారు. ఈ రంగంలో ఇప్పటికీ అందరూ మొదట తిరగేసేది ఆ లెక్కలనే. కూపర్ చేసినదానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. గుర్తు పెట్టడం, మళ్లీ అక్కడికే వెళ్లడం, తన తరువాత వెళ్లేవాళ్లకు దారి రాసి ఉంచడం, అంతే.

పిండారీలో, దాని పక్కనే ఉన్న కాఫ్నీలో, హమ్తాలో అలాంటి గుర్తులు పెట్టండి. మంచు మూతి నుంచి కిందికి ఒక వరస. ప్రతి చదరానికీ మంచు వదిలిన సంవత్సరం రాయండి. అయిదేళ్లకోసారి అదే కాలంలో, అదే లోతులో, అదే పద్ధతిలో మట్టి తీయండి. మీ 2011 జాబితా ఒక మంచి ఫొటో. ఒక్క ఫొటోతో బిడ్డ ఎదుగుదల తెలియదు. మొదటి మెట్టు మీ దగ్గర ఉంది కాబట్టి రెండో మెట్టు ఎక్కడం మిగతా అందరికన్నా మీకే సులువు. డెహ్రాడూన్‌లో వాడియా హిమాలయ భూగర్భ శాస్త్ర సంస్థ ఉంది, అల్మోరా దగ్గర గోవింద్ వల్లభ్ పంత్ హిమాలయ పర్యావరణ సంస్థ ఉంది, స్పితిలో 2016 నుంచి హిమానీనదాలను చదివే హిమాంశ్ కేంద్రం ఉంది. మంచును కొలిచేవాళ్లు ఒకచోట, సూక్ష్మజీవులను చదివేవాళ్లు ఒకచోట ఉన్నారు. ఇద్దరూ ఒకే చదరం దగ్గర కూర్చోవాలి. 2025 నుంచి 2034 వరకు మంచు శాస్త్రాల దశాబ్దంగా ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. ఇప్పుడు అడగకపోతే నిధులు ఇంకెప్పుడు అడుగుతారు?

రెండో విన్నపం ఆ మట్టి గురించే. కొత్త బ్యాక్టీరియాకు పేరు పెట్టాలంటే దాని సజీవ నమూనాను రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో ఉంచాలని నియమం ఉంది. కాబట్టి పేరున్న జీవులకు భయం లేదు. పేరు లేనివాటి మాటేమిటి? చెంచాడు మట్టిలో ఉన్నవాటిలో పళ్లెంలో పెరగడానికి ఒప్పుకునేవి కొన్నే. మిగతావన్నీ ఆ మట్టిలో, ఆ చలిలో, ఆ పొరుగువాళ్ల మధ్యనే బతుకుతాయి. పైన మంచు కరిగి ఎండ ముదిరితే ఆ సమూహం మారిపోతుంది, మళ్లీ రాదు. అత్తాపూర్‌లోని మీ లాకోన్స్ ప్రయోగశాలలో అంతరించిపోతున్న జంతువుల కణాలను ద్రవ నత్రజనిలో దాస్తున్నారు. మా పాతబస్తీకి అది అంత దూరమేమీ కాదు. అక్కడో, హబ్సిగూడలోనో, ఒక అరను హిమాలయపు మట్టికి కేటాయించండి. పులి కణానికి ఇచ్చిన చోటే ఈ మట్టికీ ఇవ్వమని అడుగుతున్నాను. అడగడానికి నాకు సంకోచం లేదు.

మూడోది మాకు సంబంధించింది. 1977లో పుష్ప మిత్ర భార్గవ గారు మీ సంస్థకు రూపం ఇచ్చినప్పటి నుంచి సైన్సు జనంలోకి వెళ్లాలని ఆయన పట్టుబట్టేవారు. ఆ మాట పట్టుకొని అడుగుతున్నాను. ఈ పని గురించి ఒక ప్రదర్శనను ఒక నెల పాటు చార్మినార్ దగ్గర పెట్టండి. తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన పలకలు, పిండారీ రాతిపిండి ఒక సీసాలో, మన చెల్క మట్టి ఒక సీసాలో, పక్కన పసుపు, గులాబీ, నారింజ రంగుల్లో పెరిగిన బ్యాక్టీరియా పళ్లేలు, నాలుగు సూక్ష్మదర్శినులు. మా పిల్లలు తమ గోడ మీది పాకుడును చిన్న డబ్బీల్లో తెచ్చి మీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. హబ్సిగూడలో మీరు తలుపులు తెరిచినప్పుడు వచ్చేది చాలావరకు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, పెద్ద బడుల పిల్లలు. గాజుల పనిలో సగం రోజు గడిపి బడికి వచ్చే పిల్లవాడికి ఉప్పల్ రోడ్డు చాలా దూరం.

అడగకూడని కోరిక గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇలాంటి సంగతులు పత్రికల్లో వచ్చినప్పుడల్లా, ఆ బ్యాక్టీరియాను సీసాల్లో పెంచి మంచు వదిలిన నేల మీద చల్లేస్తే మట్టి త్వరగా వస్తుంది కదా అనే ఆలోచన ఎవరికో ఒకరికి తడుతుంది. దయచేసి ఆ దారి పట్టవద్దు, పట్టే వారిని సమర్థించవద్దు. ఒక లోయ జీవిని ఇంకో లోయలో వదిలితే ఏమవుతుందో చెప్పగలిగినంత చదువు ఇంకా లేదు, పైగా మనం చూడాలనుకున్న సహజ వరస అక్కడితో చెడిపోతుంది. కొత్త నేల వస్తోంది కదా, మంచు పోతే పోయిందిలే అని కూడా ఎవరూ సర్దిచెప్పుకోకూడదు. ఆ నేల పంట పండించే నేల కావడానికి మన మునిమనవళ్ల కాలం చాలదు. అది మట్టిగా కుదురుకునేలోపు ఆ రాతిపిండి, రాళ్లు వదులుగా వాలు మీద కూర్చుని ఉంటాయి. 2013 జూన్‌లో చోరాబారీ సరస్సు కట్ట తెగి కేదార్‌నాథ్ మీదికి వచ్చినప్పుడు నీటితో పాటు దిగింది ఇలాంటి హిమానీనద శిథిలాలే. వేరు, నాచు, జిగురు పట్టని వాలు ఎంత ప్రమాదమో అక్కడ చూశాం. ఏ వాలు ఎంత కుదురుకుందో తెలుసుకోవడానికి కూడా ఆ చదరాల లెక్క పనికొస్తుంది.

ఒక హిమానీనదం ముందున్న నేలకు మొదటి అయిదేళ్లు ఒక్కసారే వస్తాయి. 2024లో నేచర్ పత్రికలోనే, ప్రపంచంలోని 46 హిమానీనదాల ముందు నేలలను డీఎన్ఏతో చదివిన పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. తొలి దశాబ్దాల్లో అక్కడ సూక్ష్మజీవులదే రాజ్యమని అది మళ్లీ చూపించింది. ఈ పని ప్రపంచమంతా ఊపందుకుంది. హిమాలయం వైపు నుంచి దానికి గట్టి సాక్ష్యం ఇవ్వగల ప్రయోగశాలల్లో మీది ముందు వరసలో ఉంది.

మే నెలలో పిండారీ దారి తెరుచుకుంటుంది. ఈ మేలో మీ వాళ్లను పంపండి. మొదటి చదరానికి గుర్తు పెట్టించండి. తిరిగి వచ్చాక ఏం చూశారో చెప్పడానికి లాడ్ బజార్‌కు రండి. బడి హాలు, బల్లలు, పిల్లలు మా పూచీ.

ఇట్లు,
లాడ్ బజార్ నివాసి,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు